రోమ్‌కి ప్రైవేట్ వ్యాన్ తీసుకుంటే షిప్పు నిజంగా వదిలేసి పోతుందా?

కొత్తనావ
మేలో 7 రాత్రుల మధ్యధరా క్రూజ్. బార్సిలోనాలో ఎక్కి మార్సెయ్, జెనోవా, చివితవెక్కియా (రోమ్‌కి దగ్గరి రేవు), నేపుల్స్, పాల్మా మీదుగా మళ్ళీ బార్సిలోనా. నేపుల్స్ తర్వాత ఒక రోజంతా సముద్రం మీదే. ఆరుగురం, అందులో ఇద్దరు 70 దాటినవాళ్ళు. అందరివీ ఇండియన్ పాస్‌పోర్టులే, షెంగెన్ వీసా.

రోమ్ చూపించడానికి షిప్పు వాళ్ళు తలకి అడిగే డబ్బు చూస్తే కళ్ళు తిరుగుతున్నాయి. బయట 8 సీట్ల వ్యాన్ మాట్లాడుకుంటే సగానికే అయిపోతోంది. నేపుల్స్ నుంచి అమాల్ఫీ తీరానికి కూడా అంతే. ఈ మాట అనగానే, ఆఫ్రికాలో ఎనిమిది మందిని దీవిలో వదిలేసి షిప్పు వెళ్ళిపోయిన వార్త ఫ్యామిలీ గ్రూపులో పెట్టారు. లక్షలు పోసి టికెట్ కొన్నవాళ్ళని అరగంట ఆలస్యానికి వదిలేసి పోవడం ఏం న్యాయం? నిజంగా జరిగే పనేనా, లేక టూర్లు అమ్ముకోవడానికి పెట్టే భయమా?

లంగరు
వార్త నిజమే. ఆలస్యం మాత్రం అరగంట కాదు, గంట పైనే.

2024 మార్చి 27, సావో టోమే దీవి. షిప్పు నార్వేజియన్ డాన్, కేప్‌టౌన్ నుంచి బార్సిలోనా వెళ్తోంది. అందరూ షిప్పెక్కాల్సిన గడువు మధ్యాహ్నం 3. షిప్పు ద్వారా కాకుండా విడిగా టూరు కట్టించుకున్న ఎనిమిది మంది గడువు దాటాక రేవుకి చేరారు. షిప్పు కదల్లేదు, ఎదురుగానే లంగరు మీద ఉంది. అక్కడి కోస్ట్ గార్డ్ పడవ వాళ్ళని షిప్పు దాకా తీసుకెళ్ళింది కూడా. ఎక్కించుకోలేదు. పాస్‌పోర్టులు పోర్ట్ ఏజెంట్‌కి (రేవులో షిప్పు తరఫున పనులు చూసే మనిషి) ఇచ్చేసి షిప్పు వెళ్ళిపోయింది. తర్వాత పట్టుకోవాల్సిన చోటు గాంబియాలో బంజుల్. వీళ్ళు విమానాలు మారి మారి అక్కడికి చేరితే, సముద్రం పోటు కుదరక షిప్పు బంజుల్లో ఆగనే లేదు. చివరికి ఏప్రిల్ 2న సెనెగల్ వెళ్ళి డాకార్‌లో ఎక్కారు.

కాబట్టి వదిలేసి వెళ్తారు, అందులో అనుమానం అక్కర్లేదు. మీకు అంత కష్టం వస్తుందా అన్నది వేరే ప్రశ్న. ఈ రేవు నుంచి తర్వాతి రేవుకి నేల మీద దారి ఉందా లేదా అన్న దాన్ని బట్టి ఉంటుంది.

డెక్13
పక్కకి వచ్చిన పడవలోంచి ఎక్కించుకుంటే కెప్టెన్ సొమ్మేం పోయింది? వాళ్ళలో ఒక గర్భిణి కూడా ఉంది. నాకైతే ఇది మొండితనంలాగే ఉంది.

ఇంజన్‌రూమ్
@డెక్13 రేవు వదలడమంటే స్టాండులోంచి బస్సు కదలడం కాదు. గడువు దాటగానే సెక్యూరిటీ వాళ్ళు గ్యాంగ్‌వే (షిప్పు ఎక్కి దిగే దారి) దగ్గర కార్డు గీసిన లెక్క చూస్తారు. బయట ఎవరున్నారో పేర్లు వచ్చేస్తాయి. మైకులో పిలుస్తారు, క్యాబిన్‌కి ఫోన్ చేస్తారు. జవాబు లేకపోతే సిబ్బంది క్యాబిన్‌కెళ్ళి లాకర్ తెరిచి పాస్‌పోర్టులు, ఎదురుగా కనబడితే మందులు, తీసి ఒడ్డున పోర్ట్ ఏజెంట్‌కి అందజేస్తారు. ప్రయాణికుల జాబితా సరిచేసి రేవు అధికారులకి ఇస్తారు, వాళ్ళు బయలుదేరడానికి క్లియరెన్స్ ఇస్తారు. ఆ కాగితం అయ్యాక ఒక్క మనిషిని ఎక్కించాలన్నా కథ మళ్ళీ మొదటికొస్తుంది.

పైగా లంగరు మీద ఉన్న షిప్పుకి వేరే పడవ ఆనించి, అలల మీద మనుషుల్ని పక్క తలుపులోంచి లాగడం అంటే మాటలా? రెండు పడవలూ ఒకేసారి లేవవు, ఒకేసారి దిగవు. అడుగు తప్పితే కాలు నడుమ నలిగిపోతుంది. ఎక్కించి ఉంటే, ఎవరికైనా దెబ్బ తగిలి ఉంటే, ఇదే వేదికలో కెప్టెన్ని తిట్టేవాళ్ళం.

ఆలస్యానికి ఖర్చు కూడా ఉంది. రేవులో పోయిన గంటని రాత్రంతా వేగం పెంచి పూడ్చాలి. షిప్పు వేగం కాస్త పెరిగినా ఇంధనం అంతకంటే బాగా ఎక్కువ తాగుతుంది. తర్వాతి రేవులో బెర్త్ (షిప్పు ఆగే చోటు), రేవులోకి దారి చూపే పైలట్, టూరు బస్సులు అన్నీ టైము ప్రకారం మాట్లాడి ఉంచినవే.

డెక్13
రూలు అర్థమైంది. ఇష్టం మాత్రం పడను.

యానాం_రేవు
పడవలోంచి షిప్పులోకి తాడు నిచ్చెన మీద ఎక్కే మన పెద్దమ్మల్ని ఊహించుకున్నానండీ. చేతిలో పులిహోర డబ్బా వదలరు కదా. షిప్పుకే ప్రమాదం.

రోమా_రైలు
కొత్తనావ గారూ, మీ రూటు వరకే మాట్లాడుకుందాం. చివితవెక్కియా రేవు నుంచి రోమ్ దాదాపు 80 కిలోమీటర్లు. వ్యాన్‌లో పొద్దున గంటా పావు, గంటన్నర. సాయంత్రం రోమ్ రింగ్ రోడ్డు ఇరుక్కుందంటే రెండు గంటలు. గడువు 6:30 అనుకుంటే రోమ్‌లో 3:30కి బండి కదిలి తీరాలి. 3:30కి అందరూ బండి దగ్గరికి రావడం కాదు, చక్రాలు తిరగాలి. పెద్దవాళ్ళతో బాత్రూమ్‌కి వెళ్ళి రావడమే 20 నిమిషాలు.

వాటికన్ మ్యూజియం ఆదివారం మూత, నెలలో చివరి ఆదివారం తప్ప. బుధవారం పొద్దున పోప్ సభ ఉంటే సెయింట్ పీటర్స్ చర్చి లోపలికి వెళ్ళడం కష్టం. మీ రోజు ఏ వారమో ముందు చూసుకోండి. మ్యూజియం టికెట్ ఆన్‌లైన్లో టైముతో కొనాలి. పాపం వ్యాన్ డ్రైవర్‌ని తిడతారు కానీ, చాలామందికి ఆలస్యమయ్యేది రోడ్డు మీద కాదు, సెక్యూరిటీ లైన్లో.

రైలు కూడా మంచిదే. రోమా సాన్ పియెత్రో స్టేషన్ వాటికన్‌కి నడిచే దూరం, అక్కడి నుంచి చివితవెక్కియా గంట లోపు. అక్కడ దిగాక షిప్పు దాకా ఇంకా ఉందని మాత్రం మరవద్దు: స్టేషన్ నుంచి లార్గో దెల్లా పాచె దాకా బస్సో నడకో, అక్కడ రేవు బస్సు. దీనికి 40 నిమిషాలు విడిగా పెట్టుకోండి.

రైళ్ళ సమ్మె ఉంటే మాత్రం రైలు మాట మరిచిపోండి. ఇటలీలో సమ్మె తేదీలు ముందే ప్రకటిస్తారు. పని దినాల్లో ఉదయం 6 నుంచి 9, సాయంత్రం 6 నుంచి 9 మధ్య కొన్ని రైళ్ళు తప్పక నడుపుతారు. మీకు కావాల్సిన 3, 4 గంటలు ఆ రెంటిలోకీ రావు.

అలలమీద_అట్టు
పైన లంగరు గారన్నది అసలు పాయింట్. మీరు రోమ్‌కి భయపడుతున్నారు, భయపడాల్సింది నేపుల్స్‌కి.

చివితవెక్కియాలో షిప్పు తప్పితే ఏమవుతుంది? రోమ్ టెర్మినీ నుంచి నేపుల్స్‌కి ఫాస్ట్ రైలు గంటా పదిహేను నిమిషాల్లో దింపుతుంది. రాత్రి హోటల్, పొద్దున రైలు, షిప్పు కంటే ముందే రేవులో కూర్చోవచ్చు. అదే దేశం, అదే వీసా. డబ్బు పోతుంది, సెలవు పోదు.

నేపుల్స్‌లో తప్పితే తర్వాతిది పాల్మా. అది దీవి, విమానమే దిక్కు. అప్పటికప్పుడు ఆరు టికెట్లు, సీజన్లో. వ్యాన్‌లో మిగిల్చిందంతా అక్కడ ఊడ్చుకుపోతుంది.

అమాల్ఫీ రోడ్డు చూశారా? కొండ అంచున ఒకటే దారి, పేరుకి రెండు వైపులా బండ్లు. మలుపు దగ్గర రెండు బస్సులు ఎదురుపడితే ఒకటి వెనక్కి వెళ్ళాలి, దాని వెనకాల పది కార్లు ఉంటాయి, అవీ వెళ్ళాలి. పక్క దారి లేదు. డ్రైవర్ ఎంత మొనగాడైనా చేసేది లేదు.

నేపుల్స్‌లో పాంపేయి శిథిలాలు చాలు. లోకల్ రైల్లో 35, 40 నిమిషాలు, పాంపేయి స్కావి స్టేషన్లో దిగితే ఎదురుగానే గేటు. అమాల్ఫీ చూడాల్సిందే అనుకుంటే అది ఒక్కటి షిప్పు టూరు తీసుకోండి.

కొత్తనావ
షిప్పు టూరు తీసుకుంటే ఎంత లేటైనా ఆగుతారా? రాతపూర్వకంగా ఉంటుందా?

లంగరు
ఉంటుంది. వాళ్ళ టూరు బస్సు లేటైతే షిప్పు ఆగుతుంది, ఆగడానికి అస్సలు కుదరకపోతే వాళ్ళ ఖర్చుతో తర్వాతి రేవుకి చేరుస్తారు. టూరు కొనేచోట షరతుల్లో చదవండి. బస్సులో 40 మంది ఉంటారు, గైడ్ దగ్గర షిప్పు నంబరు ఉంటుంది, రోడ్డు జామ్ అయితే షిప్పుకి ముందే తెలుస్తుంది. మీరు కట్టే ఎక్కువ డబ్బు ఆ ఫోన్ కాల్‌కే.

మధ్యేమార్గం ఒకటుంది. రోమ్‌కి తీసుకెళ్ళి వదిలేసి మళ్ళీ ఎక్కించుకునే ఉత్త బస్సు టికెట్ కూడా చాలా షిప్పులు అమ్ముతాయి. గైడ్ ఉండడు, రేటు తక్కువ. కానీ గ్యారంటీ బస్సుకి, మీకు కాదు. మీరు బస్సుకి లేటైతే బస్సు వెళ్ళిపోతుంది, అప్పుడు మీరు ప్రైవేట్ కిందే లెక్క.

కరీంనగర్_కెప్టెన్
అందరు చెప్పేది ఒక్కటే, పాస్‌పోర్ట్ ఎంబడి పెట్టుకోవాలె. అది జేబుల ఉంటే ఏడికైన పోవచ్చు. షిప్పుల పెట్టి దిగుడేంది?

రోమా_రైలు
కెప్టెన్ గారూ, ఇక్కడ మాత్రం నేను ఒప్పుకోను. రోమ్ మెట్రో, టెర్మినీ స్టేషన్, బార్సిలోనా రాంబ్లా వీధి జేబుదొంగల అడ్డాలు. షిప్పు తప్పితే పోయేది డబ్బు. ఇండియన్ పాస్‌పోర్ట్ పోతే దాంతోపాటు షెంగెన్ వీసా కూడా పోతుంది. ఎంబసీ అప్పటికప్పుడు ఇచ్చే ఎమర్జెన్సీ సర్టిఫికెట్‌తో ఇండియాకి వెళ్ళడమొక్కటే కుదురుతుంది, తర్వాతి రేవుకి కాదు. అంటే సెలవు అక్కడితో సమాప్తం.

ఇంజన్‌రూమ్
మీ ఇద్దరి వాదనా చాలాసార్లు అవసరమే పడదు. వీసా కావాల్సిన దేశాల వాళ్ళ పాస్‌పోర్టులు కొన్ని షిప్పులు ఎక్కేటప్పుడే తీసుకుని చివరి దాకా ఉంచుకుంటాయి, రేవుల్లో ఇమిగ్రేషన్‌కి చూపించడానికి. అలాంటప్పుడు మీరు అడిగినా రోజూ ఇవ్వరు. మొదటి పేజీ, వీసా పేజీ, రెండూ కలర్ జిరాక్సు తీసి పట్టుకోండి, ఫోన్లోనూ ఉంచండి.

తీసుకోకపోతే క్యాబిన్ లాకర్లో పెట్టండి. లాకర్ అయితే వాళ్ళు తెరిచి ఏజెంట్‌కి ఇస్తారు. సూట్‌కేసు అడుగున, చీరల మడతలో, ఆవకాయ ప్యాకెట్ కింద దాస్తే, గడువు దాటిన ఆ పదిహేను నిమిషాల్లో ఎవరూ వెతకలేరు. మీ పాస్‌పోర్ట్ మీరు లేకుండా పాల్మా వెళ్తుంది.

యానాం_రేవు
చీరల మడత సంగతి మీకెలా తెలిసిందండీ!

గాల్వెస్టన్_గట్టు
టెక్సాస్ వాళ్ళ కోసం ఒకటి. షిప్పు తప్పడానికి ఇక్కడ పెద్ద కారణం ట్రాఫిక్ కాదు, ఫోన్లో టైము.

చాలా షిప్పులు బయలుదేరిన ఊరి టైమునే నడుపుతాయి. ఒడ్డున దిగగానే ఫోన్ అక్కడి టవర్ పట్టి టైము మార్చేసుకుంటుంది. కొజుమెల్ దీవి ఉన్న మెక్సికో రాష్ట్రం 2015 నుంచి ఏడాది పొడుగునా ఒకే టైములో ఉంటుంది, గడియారం మార్చదు. మయామి నుంచి వేసవిలో వెళ్తే షిప్పు టైము కొజుమెల్ కంటే గంట ముందు. షిప్పు గడువు 3:30 అయిన క్షణంలో మీ ఫోన్ 2:30 అంటుంది. ఇంకో గంట ఉందని బీచ్‌లో కూర్చుంటే ఇక అంతే.

మా టెక్సాస్ రేవు గాల్వెస్టన్ నుంచి వేసవిలో కొజుమెల్‌తో టైము సరిపోతుంది. శీతాకాలంలో కొజుమెలే గంట ముందుంటుంది, కాబట్టి పొరబడినా గంట ముందే వచ్చి కూర్చుంటారు, నష్టం లేదు. హోండూరస్‌లో రోఆతాన్ తిరకాసు. అక్కడ శీతాకాలంలో మన టైమే, వేసవిలో గంట వెనక. ఒకే షిప్పు, ఒకే వారం, ఒక రేవులో ఫోన్ నిజం చెబుతుంది, మరో రేవులో అబద్ధం.

ఫోన్లో ఆటోమేటిక్ టైము ఆపేయండి, లేదా చేతికి మామూలు వాచీ పెట్టుకోండి. షిప్పు కొన్నిసార్లు తన గడియారమే మారుస్తుంది, అప్పుడు ముందు రాత్రి క్యాబిన్‌కి వచ్చే కాగితంలోనూ యాప్‌లోనూ రాస్తారు. దిగేముందు గ్యాంగ్‌వే దగ్గర బోర్డు మీద గడువు రాసి ఉంటుంది, ఫొటో తీసుకోండి.

కరీంనగర్_కెప్టెన్
కొజుమెల్ నుంచి చిచెన్ ఇట్జా మాయన్ శిథిలాలు చూడ పోవుడు ఎట్లుంటది?

గాల్వెస్టన్_గట్టు
సొంతంగా అయితే వద్దు. ఫెర్రీ ఎక్కి అవతలి ఒడ్డున ప్లాయా దెల్ కార్మెన్‌కి 40, 45 నిమిషాలు, అక్కడి నుంచి రోడ్డు మీద రెండున్నర గంటలు. వెనక్కి అంతే. చలికాలంలో ఉత్తరపు గాలి లేస్తే రేవు అధికారి ఫెర్రీలు ఆపేస్తాడు. మీరు ఒక ఒడ్డున, షిప్పు ఇంకో ఒడ్డున.

డాలస్_తులసికోట
పిల్లల సంగతి ఎవరూ చెప్పలేదు. అమెరికాలో పుట్టిన పిల్లల్ని బర్త్ సర్టిఫికెట్‌తో షిప్పెక్కిస్తారు చాలామంది, ఒకే రేవులో ఎక్కి దిగే క్రూజ్‌కి అది చెల్లుతుంది. కానీ కొజుమెల్‌లో మిగిలిపోతే విమానంలో వెనక్కి రావడానికి పాస్‌పోర్ట్ పుస్తకమే కావాలి. బర్త్ సర్టిఫికెట్ కాదు, పాస్‌పోర్ట్ కార్డు కూడా విమానానికి పనికిరాదు. కాన్సులేట్‌లో ఎమర్జెన్సీ పాస్‌పోర్ట్ వచ్చేదాకా అక్కడే.

అమ్మానాన్నలది ఇండియన్ పాస్‌పోర్ట్, అమెరికా వీసా చెల్లుబాటులో ఉంటే మెక్సికోకి విడిగా వీసా అక్కర్లేదు. వీసా స్టాంపు గడువు తీరిపోయి ఉద్యోగం కాగితాల మీద నడుస్తున్నవాళ్ళకి ఆ వెసులుబాటు లేదు.

డెక్13
స్టాంపు లేకపోయినా 30 రోజుల లోపు మెక్సికో వెళ్ళి రావచ్చు కదా? హెచ్1బి వాళ్ళు చాలామంది చేస్తారు.

డాలస్_తులసికోట
అది అమెరికాలోకి తిరిగి రావడానికి ఉన్న వీలు, ఐ-94 (అమెరికాలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే కాగితం) చెల్లుబాటులో ఉండాలి. మెక్సికోలోకి వెళ్ళడానికి మెక్సికో పెట్టే షరతు వేరు. ఇంకోటి, హెచ్1బికి ఆ వీలు కెనడా, మెక్సికోలకే. బహామాస్ లాంటి దీవులకి ఎఫ్, జె (స్టూడెంట్, ఎక్స్ఛేంజ్) వీసాల వాళ్ళకే వర్తిస్తుంది. పక్కింటి స్టూడెంట్ వెళ్ళొచ్చాడని మీరు వెళ్ళకండి.

లంగరు
అలాస్కా వెళ్ళేవాళ్ళకి ఇంకో మెలిక. 1886 నాటి అమెరికా చట్టం ఒకటుంది. విదేశీ జెండా కింద నడిచే షిప్పు ఒక అమెరికా రేవులో ఎక్కించుకున్న మనిషిని ఇంకో అమెరికా రేవులో దింపేసి పోకూడదు. సియాటిల్‌లో ఎక్కి అలాస్కాలోని జూనోలో తప్పిపోతే లెక్కకి అదే జరిగినట్టు. మనిషికి 900 డాలర్లు దాటే జరిమానా, షిప్పు మీద పడితే షిప్పు మీ మీద వేస్తుంది, టికెట్ షరతుల్లో ఉంటుంది. అనారోగ్యం లాంటి కారణమైతే మినహాయింపు అడగొచ్చు.

స్కాగ్వే ఇంకా కష్టం. పెద్ద విమానాలు రావు. చిన్న విమానమో ఫెర్రీయో పట్టి జూనో చేరాలి. రోడ్డు ఉంది కానీ అది కెనడాలోకి వెళ్తుంది, మనకి వీసా కావాలి.

సాంటోరినీ_మెట్లు
గ్రీసు వెళ్ళేవాళ్ళు రాసుకోండి. సాంటోరినీలో షిప్పు లంగరు మీదే ఉంటుంది, చిన్న పడవల్లో (టెండర్ బోట్లు) దింపుతారు. విడిగా దిగినవాళ్ళు పాత రేవు నుంచి ఊళ్ళోకి ఎక్కాలి: రోప్‌వే, లేదా 588 మెట్లు. రోప్‌వే ప్రయాణం మూడు నిమిషాలే, సాయంత్రం లైను మాత్రం గంట పైన. నాలుగు షిప్పుల జనం ఒకేసారి దిగాలనుకుంటారు. మెట్ల మీద గాడిదలు, వాటి పేడ, నున్నగా అరిగిన రాళ్ళు. పెద్దవాళ్ళకి కుదరదు. గడువంటే చివరి టెండర్ బోటు టైము, షిప్పు కదిలే టైము కాదు. తర్వాతి రేవు టర్కీ అయితే వేరే దేశం, వేరే వీసా. షెంగెన్ సింగిల్ ఎంట్రీ అయితే అసలు ఆ రూటే ఎక్కొద్దు.

కొత్తనావ
సరే, అన్నీ చేసినా లేటైంది అనుకుందాం. అప్పుడు వరసగా ఏం చెయ్యాలి?

ఇంజన్‌రూమ్
గడువు దాటక ముందే ఫోన్ చెయ్యండి. లేటవుతోందని తెలిసిన నిమిషంలోనే. రోజూ ఇచ్చే కాగితంలో ఆ రేవు పోర్ట్ ఏజెంట్ పేరు, నంబరు ఉంటుంది, పొద్దున్నే ఫొటో తీసుకుంటే షిప్పు ఇంటర్నెట్ లేకపోయినా చేతిలో ఉంటుంది. "ఇంత మందిమి, ఫలానా క్యాబిన్లు, ఫలానా చోట ఉన్నాం, ఇంత సేపట్లో వస్తాం" అని చెప్పాలి. పది, పదిహేను నిమిషాల తేడా అయితే అప్పుడప్పుడూ ఆగుతారు. ఎక్కడున్నారో తెలియని మనిషి కోసం ఎవరూ ఆగరు.

షిప్పు వెళ్ళిపోతే రేవు వదలకండి. ఏజెంట్ దగ్గరికే వెళ్ళి పాస్‌పోర్టులు తీసుకోండి. అక్కడి నుంచే కంపెనీ అత్యవసర నంబరుకి మాట్లాడి, తర్వాతి రేవులో ఎక్కుతామని చెప్పండి, ఒప్పుకున్నాకే టికెట్లు కొనండి. వీసా కారణంగానో చట్టం కారణంగానో కొన్ని రేవుల్లో ఎక్కనివ్వరు, ముందు కొంటే డబ్బు దండగ. క్యాబిన్ మీదే ఉంటుంది, సామాను కదపొద్దని చెప్పండి. హోటల్, టికెట్లు ఏజెంట్ చూసిపెడతాడు, బిల్లు మాత్రం మీదే.

ఒడ్డుకి దిగేటప్పుడు సంచిలో ఉండాల్సినవి: రెండు రోజుల మందులు, చీటీతో సహా. రెండు వేర్వేరు కార్డులు, కొంత నగదు, చార్జర్. సావో టోమేలో కార్డు తీసుకునే చోట్లే తక్కువ, అక్కడ మిగిలిపోయినవాళ్ళని బాగా ఏడిపించింది అదే.

రోమా_రైలు
ఇన్సూరెన్స్ మీద ఆశ పెట్టుకోకండి. షిప్పు ఎక్కడానికి వచ్చే విమానం లేటైతే ఇచ్చే పాలసీలు, సొంత టూరులో లేటైతే ఇవ్వవు, ఎక్కువ భాగం అంతే. మాటలు కాదు, పాలసీ కాగితం చదవండి.

విశాఖ_తీరం
మన విశాఖ నుంచి అయితే ఒకప్పుడు ఈ గొడవే లేదు. 2022 జూన్‌లో ఎంప్రెస్ షిప్పు మన దగ్గర నుంచి బయలుదేరినప్పుడు పుదుచ్చేరి ప్రభుత్వం రేవులో దిగడానికే ఒప్పుకోలేదు. దిగనివ్వకపోతే తప్పిపోయేదెవరు?

యానాం_రేవు
దింపినా భయమేముందండీ. పుదుచ్చేరిలో ఈసీఆర్ (తీరం వెంట రోడ్డు) మీద బస్సెక్కితే చెన్నైలో షిప్పు కంటే ముందే ఉంటాం.

విశాఖ_తీరం
లక్షద్వీప్ ట్రిప్పుల్లో మాత్రం జాగ్రత్త. విమానాశ్రయం అగత్తిలో ఒక్కటే, ఇంకో దీవిలో మిగిలిపోతే పడవ కోసం చూడాలి.

అలలమీద_అట్టు
కొత్తనావ గారూ, వ్యాన్ మాట్లాడేటప్పుడు రెండు అడగండి. ఒకటి, డబ్బు షిప్పు దగ్గర దింపాకే ఇస్తాం, ముందు అడ్వాన్సు మాత్రమే. క్రూజ్ వాళ్ళతో రోజూ పనిచేసే డ్రైవర్లు దీనికి అభ్యంతరం చెప్పరు. రెండు, బండి చెడిపోతే వేరే బండి ఎంతసేపట్లో వస్తుంది. జవాబు చెప్పడానికి తడబడితే వేరే వాళ్ళని చూసుకోండి. షిప్పు పేరు, గడువు ఈ-మెయిల్లో రాసి పంపించండి, వెనక్కి బయలుదేరే టైము వాళ్ళచేతే రాయించండి.

కొత్తనావ
రోమ్‌కి వ్యాన్, నేపుల్స్‌లో పాంపేయి రైలు అనుకుంటున్నాం. ఆ లోకల్ రైల్లో పెద్దవాళ్ళకి సీటు దొరుకుతుందా?

రోమా_రైలు
నేపుల్స్ పోర్టా నొలానా స్టేషన్లో ఎక్కండి, రైలు బయలుదేరేది అక్కడే, సీట్లు ఖాళీగా ఉంటాయి. అందరూ ఎక్కే గారిబాల్దీ దాని తర్వాతి స్టేషన్, అక్కడ నిలబడటమే. సొరెంటో వైపు వెళ్ళే రైలే ఎక్కాలి. పేరులో పాంపేయి ఉన్న స్టేషన్లు ఒకటి కంటే ఎక్కువ, మీకు కావాల్సింది పాంపేయి స్కావి. మేలో నీడ ఉండదు, టోపీలు పట్టుకెళ్ళండి.

కరీంనగర్_కెప్టెన్
వాపస్ రైలు ఏ టైముకి ఎక్కాలె, అది గూడ చెప్పున్రి.

రోమా_రైలు
గడువుకి మూడు గంటల ముందు. ఒక రైలు రద్దయినా తర్వాతిది పట్టి రేవుకి నడిచి రావచ్చు.